హార్పీ గద్ద, ఫిలిప్పీన్స్ గద్ద: ఏది పెద్దది?

ప్రశ్న:
మా తమ్ముడికీ నాకూ రెండు రోజులుగా ఇదే గొడవ. అతి పెద్ద గద్ద దక్షిణ అమెరికా అడవుల్లోని హార్పీ అని నేను, కాదు ఫిలిప్పీన్స్ గద్ద అని వాడు. ఫొటోల్లో చూస్తే రెండూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఇంతకీ దగ్గరి చుట్టాలేనా ఇవి?

జవాబు 1:
బరువు లెక్కయితే మీరు, పొడవు లెక్కయితే మీ తమ్ముడు. ఆడ హార్పీ 6 నుంచి 9 కిలోలు తూగుతుంది, మగది 5 కిలోలు దాటడం కష్టం. ఫిలిప్పీన్స్ గద్ద అంత బరువుండదు కానీ సగటు పొడవులో అదే ముందు. రష్యా తూర్పు తీరపు స్టెల్లర్ సముద్రపు గద్ద కూడా 9 కిలోల దాకా వస్తుంది. దాన్నీ పందెంలోకి లాగితే మీ గొడవ ఇంకో రెండు రోజులు నడుస్తుంది.

జవాబు 2:
పక్షుల బొమ్మలు గీయడం నా పని. ఒకసారి ఫిలిప్పీన్స్ గద్దకి హార్పీ మొహం గీసి ఇచ్చేసి తిట్లు తిన్నాను, అందుకే ఈ తేడాలు బాగా గుర్తు. ఫిలిప్పీన్స్ గద్ద ముక్కు పక్క నుంచి చూస్తే గొడ్డలంత కనిపిస్తుంది. అదే ఎదురుగా చూస్తే సన్నగా, రెండు వైపులా అదిమినట్టు ఉంటుంది. కళ్లు నీలం కలిసిన బూడిద రంగు, తల చుట్టూ జూలులాంటి గోధుమరంగు ఈకలు. హార్పీకి కుచ్చు రెండు పాయలుగా లేస్తుంది, తెల్లటి ఛాతీ పైన నల్లటి పట్టీ ఉంటుంది. కాళ్లయితే చిన్నపిల్లల మణికట్టంత లావు. మరి కొమ్మని కరుచుకుని వేలాడే స్లాత్ అనే జంతువుని ఊడబెరకాలి కదా!

చుట్టరికం సంగతి: 2005లో వచ్చిన డీఎన్ఏ పరిశోధనలో ఫిలిప్పీన్స్ గద్ద పాములు తినే గద్దలకి దగ్గరని తేలింది, హార్పీకి కాదు. పోలిక అడవి వల్ల వచ్చిందే. చెట్ల మధ్య మలుపులు తిరగాలంటే పొట్టి వెడల్పు రెక్కలు, చుక్కానిలాంటి తోక రెండింటికీ కావాల్సిందే.

ప్రశ్న వేసినవారు:
తమ్ముడికి చూపించా. "సగటు పొడవు" ఒక్కటే చదివి ఫోన్ తిరిగిచ్చేశాడు. ఫిలిప్పీన్స్ గద్దని కోతులు తినే గద్ద అంటారని కూడా అంటున్నాడు, నిజమేనా?

జవాబు 2:
పాత పేరు. 1978లో మార్చారు. కోతుల్ని తింటుంది కానీ కొలుగోలు (చెట్టు నుంచి చెట్టుకి గాల్లో జారే చిన్న జంతువులు), పునుగుపిల్లులు, పాములు కూడా దాని తిండే. 1995 నుంచి ఆ దేశపు జాతీయ పక్షి. ఇప్పుడు మిగిలినవి కొన్ని వందల జతలే. రెండేళ్లకోసారి ఒక్క గుడ్డు పెడుతుంది మరి. హార్పీ రెండు పెట్టినా, ముందు గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లనే సాకుతుంది.