ఏకాదశి ఉపవాసంతో ఆయుష్షు పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 68. ప్రతి ఏకాదశికీ పగలంతా మంచినీళ్లే, రాత్రికి ఉప్పుడు పిండి. షుగర్ మాత్ర మాత్రం మానదు. "ఒంట్లో చెత్తంతా శుభ్రమైపోతుందిరా, వయసు ఆగిపోతుంది" అంటుంది. నిజమేనా?

జవాబు: ఆ శుభ్రం పేరు ఆటోఫజీ, అంటే కణం తనలోని చెత్తను తానే అరిగించుకోవడం. దాని మీదే జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. కానీ ఆయన చూసింది ఈస్ట్ కణాల్లోనండీ, మన అమ్మల్లో కాదు!

జవాబు: అమెరికాలో కేలరీ అనే ప్రయోగంలో రెండేళ్లపాటు 25 శాతం తగ్గించి తినమన్నారు. సగటున 12 శాతమే తగ్గించగలిగారు (ఆకలి ఎవరి మాట వింటుంది!). రక్తంలోని డీఎన్‌ఏ గుర్తులను బట్టి ముసలితనం వేగం 2, 3 శాతం తగ్గిందన్నారు. ఆయుష్షు సంగతి తేలలేదు. పైగా వాళ్లంతా 50 దాటనివాళ్లు.

జవాబు: ముందు ఆ మాత్ర ఏదో చూడు తమ్ముడూ. గ్లిమెపిరైడ్ అయితే ఖాళీ కడుపున షుగర్ బాగా పడిపోవచ్చు. డాక్టర్ని అడిగాకే ఉపవాసం.