‘కుప్పకూలిన మార్కెట్లు’: ఇందులో సమాపక క్రియ ఏది?

ఆర్థిక మాంద్యం, మందగమనం, సంక్షోభం మూడూ ఒకటేనా అని గ్రూపులో అడిగారు. నిఘంటువులు తిరగేసి జవాబిచ్చినవాళ్లకు దండం. నాకు మాత్రం చిక్కంతా ఈ నామవాచకాల్లో కన్నా, వాటి పక్కన టీవీవాళ్లు తెచ్చిపెట్టే క్రియల్లో ఉందనిపిస్తోంది. ఎకానమీ బాగాలేని రోజుల్లో న్యూస్ చానల్ ముందు గంటసేపు కూర్చుంటే చాలు, బుర్ర వేడెక్కిపోతుంది. కొత్త సంగతి ఒక్కటీ తెలియదు, టెన్షన్ మాత్రం బోలెడు.

ముందు మాట సంగతి చూద్దాం. మంద అంటే నెమ్మదైన, చురుకు తగ్గిన అని. దాని నుంచి వచ్చిందే మాంద్యం. మందహాసం, మందమారుతం, మందగమనం అన్నీ ఆ ఇంటివే. (పశువుల మంద వేరు, దానికీ దీనికీ చుట్టరికం లేదు.) ఆకలి మందగిస్తే అగ్నిమాంద్యం, చూపు తగ్గితే దృష్టిమాంద్యం. శనికి మందుడని ఒక పేరుంది, సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి 29 ఏళ్లు దాటుతుంది మరి. కాబట్టి మాంద్యం అనగానే మనకు తోచాల్సింది నిదానం, నీరసం. పేలుడు కాదు.

అర్థశాస్త్రంలో వీటి మధ్య గీత ఉంది. ఏటా 7 శాతం పెరిగే ఉత్పత్తి 4 శాతమే పెరిగితే అది మందగమనం. పెరగడం మానేసి ఉన్నదే తరిగిపోతూ, అదీ చాలా రంగాల్లో, నెలల తరబడి సాగితే మాంద్యం. సంక్షోభం ఈ వరసలోది కాదు. క్షోభ అంటే కలత, అల్లకల్లోలం. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలోని పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేయడం సంక్షోభం. 2007 డిసెంబర్ నుంచి 2009 జూన్ దాకా అమెరికాలో సాగింది మాంద్యం. మనకున్న ఇబ్బందల్లా, 1929లో మొదలైన ఆ మహా విపత్తునూ మాంద్యమే అంటాం, రెండు త్రైమాసికాల తరుగుదలనూ మాంద్యమే అంటాం. ఇంగ్లీషువాళ్లకు పెద్దదానికి డిప్రెషన్, చిన్నదానికి రిసెషన్ అని రెండున్నాయి. మనం ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. అందుకే చిన్నదాని మీద కూడా పెద్దదాని నీడ పడుతోంది.

ఇక క్రియలు. మాంద్యం ముంచుకొస్తోంది. మార్కెట్లు కుప్పకూలాయి. మదుపరులు బెంబేలెత్తారు. ఎకానమీ కుదేలైంది. లక్షల కోట్లు ఆవిరయ్యాయి. ఇవన్నీ క్షణాల్లో జరిగే పనులకు వాడే మాటలు. వరద ముంచుకొస్తుంది, మేడ కుప్పకూలుతుంది. మాంద్యం ఎలా ముంచుకొస్తుందండీ? అది వచ్చిందో లేదో తేల్చడానికే నెలలు పడుతుంది. అమెరికాలో ఈ తేదీలు తేల్చే పని నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనమిక్ రీసెర్చ్‌లోని ఒక కమిటీది. 2007 డిసెంబర్‌లో మాంద్యం మొదలైందని వాళ్లు ప్రకటించింది 2008 డిసెంబర్ 1న. అప్పటికి ఏడాది గడిచిపోయింది. 2009 జూన్‌లో ముగిసిందని చెప్పడానికి 2010 సెప్టెంబర్ దాకా ఆగారు. వాళ్లు బద్ధకస్తులని కాదు. లెక్కలు రావాలి, వచ్చిన లెక్కల్ని సవరించాలి, అప్పుడు గానీ నోరు విప్పరు.

జీడీపీ, అంటే దేశం మొత్తం ఉత్పత్తి లెక్క, మూడు నెలలకోసారి వస్తుంది. ఉద్యోగాల లెక్క, ధరల లెక్క చాలా దేశాల్లో నెలకోసారి. మరి చానల్‌కి రోజూ 24 గంటలు నింపాలి. అమెరికా చానల్ సీఎన్ఎన్ 1980 జూన్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు చాలా భాషల్లో ఉంది. క్షణక్షణం మారే అంకె ఒక్కటే దొరుకుతుంది, షేర్ల సూచీ. దాంతో ఎకానమీ వార్త కాస్తా సూచీ వార్త అయి కూర్చుంది. తెర కింద ఎర్ర బాణాలు పరిగెడుతుంటాయి. పక్క పెట్టెలో స్క్రీన్ల ముందు ఒకాయన రెండు చేతులతో తల పట్టుకుని ఉంటాడు. అరగంట తర్వాత చూసినా ఆయనే, అదే చొక్కా. పైన ‘ఇప్పుడే అందిన వార్త’ అని ఉంటుంది. అది పొద్దున్న అందింది.

అసలు మీ ముందు పెట్టాలనుకున్నది వ్యాకరణం ముక్క. ‘కుప్పకూలిన మార్కెట్లు’, ‘ఆవిరైన సంపద’, ‘బెంబేలెత్తిన మదుపరులు’. ఒక్కదాంట్లోనూ సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, లేదు. ధాతుజ విశేషణం (క్రియ నుంచి పుట్టిన విశేషణం, ‘కుప్పకూలిన’ లాంటిది), దాని వెనకాల ఒక నామవాచకం, అయిపోయింది. వాక్యమైతే ‘మార్కెట్లు పడ్డాయి’ అనగానే వినేవాడు ఎప్పుడు, ఎంత అని అడుగుతాడు. ‘కుప్పకూలిన మార్కెట్లు’ అంటే అడగడానికి సందు దొరకదు. అది జరిగిన పని చెప్పడం మానేసి, మార్కెట్లకు ఒక బిరుదు తగిలిస్తుంది. పొద్దున్న 10 గంటలకు తెర మీద పెట్టిన అక్షరాల పట్టీ సాయంత్రం మార్కెట్ మూసేదాకా అలాగే ఉండిపోవచ్చు, మధ్యాహ్నానికి సగం కోలుకున్నా సరే. నాకు ఒళ్లు మండేది ఇక్కడ.

ఎంత అన్నది దాచడానికి ఇంకో ఉపాయం పాయింట్లు. 2008 సెప్టెంబర్ 29న అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ 777 పాయింట్లు పడింది. అప్పటికి ఒక్క రోజులో అన్ని పాయింట్లు ఎన్నడూ పడలేదు కాబట్టి ‘చరిత్రలోనే అతిపెద్ద పతనం’ అన్నారు. శాతంలో అది దాదాపు 7. 1987 అక్టోబర్ 19న పడింది 508 పాయింట్లే, కానీ శాతం 22.6. ఏది పెద్దదో మీరే చెప్పండి. సూచీ పెరిగేకొద్దీ పాయింట్ల రికార్డులు ఎలాగూ బద్దలవుతూనే ఉంటాయి, అందులో విడ్డూరమేమీ లేదు.

మీరేమంటారు?

—

ఒక తెలుగు మాస్టారు: బాగా పట్టుకున్నారు బాబూ. కానీ ఒక్క మాట. ధాతుజ విశేషణంతో శీర్షిక పెట్టడం టీవీ పుట్టించింది కాదు, పత్రికలు ఎప్పటినుంచో చేస్తున్నవే. చోటు తక్కువ, మాట బిగువుగా ఉండాలి. దాన్ని తప్పు పడితే తెలుగు పత్రికా భాషనే తప్పు పట్టినట్టు.

పోస్టు రాసినవారు: మాస్టారూ, పత్రికకు పైన తేదీ ఉంటుంది కదండీ. ఆ శీర్షిక నిన్నటి సంగతని చదివేవాడికి తెలుసు. మర్నాటికి దాని ఆయువు తీరిపోతుంది. తెర మీద పట్టీకి తేదీ లేదు, గంట లేదు. ఒకే రూపం రెండు చోట్లా ఒకే పని చేయడం లేదు, నా గోల అంతే.

మాస్టారు: ఆ తేడా ఒప్పుకుంటాను. అయితే ‘బేర్‌మన్న మార్కెట్లు’ మాత్రం వదలకండి, అది మనవాళ్ల చమత్కారం. బేరుమనడం ఏడవడం, ఇంగ్లీషులో బేర్ అంటే పడిపోతున్న మార్కెట్. రెండు భాషలు ఒక్క మాటలో కలిశాయి.

పోస్టు రాసినవారు: మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వుకున్నానండీ. కానీ శిఖరం నుంచి 20 శాతం పడితే గానీ బేర్ మార్కెట్ అనరు. మనవాళ్లు అర శాతానికే బేరుమనిపిస్తున్నారు. వేళాకోళం కూడా రోజూ వాడితే అరిగిపోతుంది.

ఒక సభ్యురాలు: ఆవిరి గురించి నేను చెప్తాను, ఆ మాటంటేనే నాకు మంట. ఒక కంపెనీకి 10 కోట్ల షేర్లున్నాయి అనుకోండి. ఈ రోజు చేతులు మారింది ఏ 50 వేలో. చివరి బేరం నిన్నటికన్నా షేరుకి 20 రూపాయలు తక్కువకి కుదిరింది. ఆ 20ని 10 కోట్లతో గుణించి 200 కోట్లు ఆవిరి అంటారు. మిగతావాళ్లు అమ్మనూ లేదు, కొననూ లేదు. రేపు 20 పెరిగితే ఆ 200 కోట్లు వర్షంగా కురిశాయని ఎవరైనా అంటారా? అనరు. పెరిగితే ‘లాభాల్లో మార్కెట్లు’ అని ఒక చప్పటి మాట. అలంకారాలన్నీ పడ్డప్పుడే.

పోస్టు రాసినవారు: అక్కా, ఈ ఒక్క కామెంటుకే విడిగా పోస్టు పెట్టొచ్చు. అయితే నష్టం నిజమే కదా, ఆ రోజే అమ్మాల్సి వచ్చినవాడికి.

అదే సభ్యురాలు: నిజమే తమ్ముడూ, అతని సంగతి చెప్పమనే నేనూ అనేది. ఎందుకు అమ్మాల్సొచ్చింది, అప్పు చేసి కొన్నాడా, ఉద్యోగం పోయిందా? అది చెప్పాలంటే మనిషిని వెతకాలి, మాట్లాడాలి. ఆవిరి అంటే ఎవరినీ వెతకక్కర్లేదు.

బ్యాంకులో పనిచేసే సభ్యుడు: మీ జాబితాలో ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరిగే వేగం, కూడా చేర్చండి. ‘దిగొచ్చిన ద్రవ్యోల్బణం’ అని పట్టీ వేస్తారు, కౌంటర్ దగ్గరికొచ్చిన పెద్దాయన ‘ధరలు తగ్గాయట, నాకైతే కనిపించట్లేదు’ అంటాడు. 100 ఉన్నది ఒక ఏడాది 7 శాతం పెరిగి 107 అయింది. మరుసటేడు 5 శాతం పెరిగి 112 దాటింది. ద్రవ్యోల్బణం తగ్గింది, ధర పెరిగింది. ఉల్బణం అంటే మితిమీరడం అని తెలిసినవాళ్లు ఎంతమంది? ‘ధరల జోరు తగ్గింది’ అంటే ఎవరికైనా అర్థమయ్యేది.

ఇంకో సభ్యుడు: మాటల గురించే కాబట్టి ఇది వినండి. 1978లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దగ్గర ఆల్‌ఫ్రెడ్ కాన్ అనే ఆర్థికవేత్త సలహాదారుగా ఉండేవారు. డిప్రెషన్ వచ్చే ప్రమాదం ఉందని ఒకసారి బయట అనేశారు. పైవాళ్లు ఆ మాట ఎత్తొద్దని చీవాట్లు పెట్టారు. అప్పటినుంచి ఆయన డిప్రెషన్ అనాల్సిన చోటల్లా బనానా అనడం మొదలుపెట్టారు. అరటిపండ్ల వ్యాపారులు అభ్యంతరం చెప్తే కమ్‌క్వాట్ అని ఇంకో పండు పేరుకి మారారు. మీ పోస్టులో మాటని పెంచడం గురించి ఉంది, దించడం కూడా అంతే పాతది. 19వ శతాబ్దంలో ఇలాంటివాటిని పానిక్ (బెదురు) అనేవాళ్లు, 1837, 1873, 1893 అన్నీ పానిక్‌లే. 1907 దాకా ఆ పేరు నడిచింది.

పోస్టు రాసినవారు: కాన్ గారి కథ అదిరింది. పానిక్ అన్న పేరులో ఒక నిజాయితీ ఉంది చూడండి. బ్యాంకుల ముందు క్యూ కట్టిన జనం భయాన్నే పేరుగా పెట్టారు. ఇప్పుడు భయాన్ని జనానికి అంటగట్టి, పేరు మాత్రం శాస్త్రీయంగా పెట్టుకుంటున్నాం.

న్యూస్ డెస్క్‌లో పనిచేసే సభ్యుడు: సార్, తిట్లన్నీ విన్నాను, సగానికి పైగా ఒప్పుకుంటాను. మా ఇబ్బంది కూడా వినండి. పట్టీలో పట్టేది నాలుగు మాటలు. ‘సూచీ ఉదయం 2 శాతం తగ్గి మధ్యాహ్నానికి కొంత కోలుకుంది’ అని నేను రాస్తే, పక్క చానల్లో ‘కుప్పకూలిన’ అని ఉంటుంది, పైనుంచి ఫోన్ వస్తుంది. ఇంకోటి, తగ్గడానికి మాకు డజను మాటలున్నాయి, నెమ్మదిగా తగ్గడానికి పట్టీలో పట్టే మాట ఒక్కటీ తట్టదు. ఇవ్వండి, వాడతాను.

మాస్టారు: నీరసించిన, సడలిన, మందగించిన, తగ్గుముఖం పట్టిన, చతికిలబడిన.

న్యూస్ డెస్క్ సభ్యుడు: చతికిలబడినా కుప్పకూలినా ఒకటే అంటారు మాస్టారూ, మావాళ్లు. ‘నీరసించిన’ బావుంది.

పోస్టు రాసినవారు: ‘నీరసించిన కొనుగోళ్లు’, ‘సడలిన గిరాకీ’. రెండూ రెండేసి మాటలే, పట్టీలో పట్టేస్తాయి. దీనికీ సమాపక క్రియ లేదు కదా అని మాస్టారు నన్ను పట్టుకునేలోపు చెప్పేస్తున్నా, శాతమూ టైమూ పక్కన వేస్తే నాకు అభ్యంతరం లేదు. ‘ఉదయం 11: సూచీ 2 శాతం కిందికి’ లాంటిదైనా చాలు. ఉద్యోగాల వార్తలకు మాత్రం ఏం వాడాలో నాకు తోచడం లేదు. ‘ఉద్యోగాల ఊచకోత’ అంటున్నారు, అది వినలేకపోతున్నాను. ‘తొలగింపు’ అంటే ఆఫీసు నోటీసులా ఉంది, ‘ఊస్టింగ్’ అంటే వెటకారం. పని పోయిన మనిషి పక్కన కూర్చుని పలకగలిగే మాట ఎవరికైనా తెలిస్తే కింద రాయండి.