పెద్దవయసులో సంగీతం: ముందు శాస్త్రమా, సరళీ స్వరాలా?

నలభైఏడేళ్ల విద్యార్థి:
నాలుగు నెలల కిందట కర్ణాటక సంగీతం మొదలుపెట్టాను. సరళీ స్వరాలు (తొలి స్వరపాఠాలు) మూడు కాలాల్లో (వేగాల్లో) నిలిచేదాకా మా గురువుగారు మాయామాళవగౌళ అన్న రాగం పేరు తప్ప శాస్త్రం ఊసెత్తరు. ఈ రాగంలో రిషభం (రి) షడ్జమానికి (స) అంత దగ్గరగా ఎందుకుందని అడిగితే, "పాడండి, పోనుపోను అదే తెలుస్తుంది" అన్నారు. పసిపిల్లలకు ఆ జవాబు సరిపోతుందేమో గానీ, పాతికేళ్ల ఉద్యోగంలో కారణం తెలియకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టని నాకు అది మింగుడుపడటం లేదు. స్వరస్థానాలు, మేళకర్తలు (మిగతా రాగాలకు మూలమైన 72 రాగాలు) ముందే చదువుకుంటే తప్పా?

లెక్కలమాస్టారు:
తప్పు కాదు సరికదా, అవసరం. స్థాయిలో (ఒక స నుంచి పై స దాకా) పన్నెండు స్వరస్థానాలు ఉన్నాయనుకుంటే, మీ రాగంలో స నుంచి రి ఒక అడుగు, రి నుంచి గ మూడడుగులు, గ నుంచి మ మళ్లీ ఒక అడుగు; పంచమం దగ్గర మొదలుపెట్టి ప ద ని స అన్నా సరిగ్గా అవే దూరాలు వస్తాయి. అంటే పూర్వాంగం (స రి గ మ) కుదిరితే ఉత్తరాంగం (ప ద ని స) సగం కుదిరినట్టే. పురందరదాసు ఈ రాగాన్ని తొలిపాఠంగా పెట్టారని సంప్రదాయం చెప్పే మాటకు ఇంతకన్నా మంచి సమర్థన నాకు కనబడదు. ఇక మేళకర్తలంటారా, శుద్ధ మధ్యమంతో (మ) 36, ప్రతి మధ్యమంతో (ఒక అడుగు పైనున్న మ) 36. పేరులోనే సంఖ్య దాగి ఉంటుంది: అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది లెక్కలో, మొదటి రెండు అక్షరాలు తీసుకుంటే మ అంటే 5, య అంటే 1, తిరగేస్తే 15, అదే మాయామాళవగౌళ. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2 కాబట్టి 29. ఈ లెక్క తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

తంబూర:
మాస్టారికి నిద్ర పట్టకపోయినా శ్రుతి పట్టిందా అన్నది నా సందేహం. పెద్దవాళ్లకు పాఠం చెబుతున్నదాన్ని కాబట్టి అంటున్నాను: 72 పేర్లూ గడగడా అప్పజెప్పి, షడ్జమం మీద పది క్షణాలు నిలవలేనివారిని చాలామందిని చూశాను. ఆరభి, దేవగాంధారి రాగాలను కాగితం మీద రాయండి. రెండింటికీ ఆరోహణ స రి మ ప ద స, అవరోహణ స ని ద ప మ గ రి స. పట్టిక చదివినవారికి రెండూ ఒకటే. విన్నవారికి మాత్రం ఆరభి చురుకుగా నడుస్తుంది, దేవగాంధారి తీరిగ్గా గమకాలతో (స్వరాన్ని ఊపి పలకడంతో) ఊగుతుంది. తోడి రాగంలో గాంధారాన్ని (గ) దాని రకాల్లో ఒకటైన సాధారణ గాంధారమని రాసుకున్నంత మాత్రాన అది ఎలా పలుకుతుందో తెలియదు, ఎందుకంటే ఆ స్వరం ఒకచోట కూర్చోదు. నా దృష్టిలో శాస్త్రమంటే పాడినదానికి తరువాత పెట్టుకునే పేరు. పేరు ముందే తెలిస్తే చెవి పని మానేస్తుంది.

లెక్కలమాస్టారు:
దేవగాంధారి విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. కానీ అమ్మా, ఆ చిక్కు ఆయనకు కొన్నేళ్ల తరువాత వస్తుంది, ఇవాళ్టి చిక్కు రిషభం. శంకరాభరణం బాణీలో ఉన్న పాటలు ఎన్నో విన్న చెవి సరిగమ అనగానే చతుశ్రుతి రిషభం (ఒక అడుగు పైనున్న రి) మీదికి జారిపోతుంది. దూరం తెలియనివాడు తన తప్పును ఎలా వినగలడు?

మృదంగం:
తాళం సంగతి కూడా ఒక మాట. ఆది తాళమంటే చతురశ్ర లఘువు (నాలుగు అక్షరాలు), రెండు ద్రుతాలు (రెండేసి అక్షరాలు), మొత్తం ఎనిమిది అక్షరాలు అని ఒక్క నిమిషంలో చదవవచ్చు. కానీ ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపై దెబ్బ వేసి చెయ్యి తిరగేయడం రెండుసార్లు, ఇది తొడ మీద తప్ప ఎక్కడా రాదు. ఇక్కడ తగువు లేదు.

నలభైఏడేళ్ల విద్యార్థి:
మాస్టారి మాట విని నిన్న ఒక పరీక్ష చేసుకున్నాను. హార్మోనియం ఒకటో శ్రుతిలో షడ్జమం మాత్రం నొక్కిపట్టి స, రి అని పాడి ఆపి, నేను నిలిచిన చోటును మీటల మీద వెతికాను. పక్కనున్న నల్లమీట మీద ఉండాల్సిన నా రిషభం, దాన్ని దాటి తెల్లమీట మీద కూర్చుంది. విచిత్రమేమిటంటే గ రి స అని దిగేటప్పుడు మాత్రం సరిగ్గా నల్లమీట మీదే పడుతోంది. ఈ ఉదయం గురువుగారిని "ఎందుకు" అని అడగలేదు, "ఎక్కేటప్పుడే జారుతోంది, ఏం చేయను" అని అడిగాను. ఆవిడ పాఠం ఆపి, స రి స, స రి స అని మాత్రమే ఇరవై నిమిషాలు పాడించారు. మేళకర్త పట్టిక కూడా ముద్రించి పెట్టుకున్నాను, అది మానను.

తంబూర:
పట్టిక ఉంచుకోండి, పాడేటప్పుడు మాత్రం కనబడనిచోట పెట్టండి. హార్మోనియం రిషభాన్ని సరిచూసుకోవడానికి పనికొస్తుంది, గమకానికి పనికిరాదు. గీతాల్లోకి (స్వరపాఠాల తరువాత వచ్చే చిన్న పాటల్లోకి) వెళ్లేలోపు తంబూర శ్రుతికి మారండి.