మకావు రేవులో చైనా కూలీల తనిఖీ: లోపం అమలులోనా, పద్ధతిలోనా?

పాతరికార్డు:
మకావు అంటే చైనా తీరాన పోర్చుగల్ ఏలుబడిలో ఉన్న రేవు. అక్కణ్ణించి చైనా కూలీలను ఒప్పందాల మీద క్యూబా, పెరూలకు ఓడల్లో పంపేవారు. ఓడ ఎక్కేముందు, ఇష్టపడే వెళ్తున్నారా అని జరిపే ఆ తనిఖీ అంతా నాటకమే అన్న మాట నేను ఒప్పుకోను. 1860 నుంచి అక్కడ వలసల సూపరింటెండెంట్ ఉన్నాడు. ఒప్పందం చదివి వినిపించి, వెళ్లడం ఇష్టమేనా అని కూలీని అడగాలన్నది నిబంధన. కాదన్నవాళ్లను చాలామందినే వెనక్కి పంపారు. క్యూబా ఒప్పందంలో 8 ఏళ్ల గడువు, నెలకు 4 పెసోల జీతం స్పష్టంగానే రాసి ఉన్నాయి. దాన్ని చెడగొట్టింది దళారుల లంచాలు. కాబట్టి తప్పు అమలుది.

తీరవాసి:
లంచం ముట్టని అధికారిని కూర్చోబెట్టినా ఫలితం అదే వచ్చేదండీ. దళారికి తలకింత అని ముట్టేది. జూదంలో అప్పు చేయించో, పని ఇప్పిస్తానని నమ్మించో తెచ్చిన మనిషి, ప్రశ్న అడిగే వేళకే, ఓడ ఎక్కించేదాకా కూలీలను ఉంచే కొట్టంలో బందీ. "వద్దు" అన్నవాడు మళ్లీ పడేది తెచ్చినవాడి చేతుల్లోనే. కొట్టి, భయపెట్టి, "సరే" అనేదాకా తిప్పేవారు. వెనక్కి పంపడం అంటున్నారు, ఎక్కడిదాకా పంపారు? ఊరు చేరే పూచీ ఎవరిది?

1874లో చైనా ప్రభుత్వం పంపిన చెన్ లాన్‌బిన్ కమిషన్ క్యూబా వెళ్లి 1,176 మంది వాంగ్మూలాలు తీసుకుంది. పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఎత్తుకొచ్చినవాళ్లో మోసపోయినవాళ్లో అని తేల్చింది. వాళ్లలో అత్యధికులు మకావు తనిఖీ దాటి వచ్చినవాళ్లే.

ఓడలెక్క:
బ్రిటిష్ వాళ్ల రేవు హాంకాంగ్‌నూ చూడండి. 1855 బ్రిటిష్ చట్టం 20 మందికి మించి ఆసియా ప్రయాణికులతో 7 రోజులు దాటి వెళ్లే ఓడలకు వర్తించేది. మనిషికి 12 చదరపు అడుగులు, 72 ఘనపుటడుగుల చోటు ఉండాలి. టేపు పెడితే అది తేలిపోతుంది. ఇష్టాన్ని దేంతో కొలుస్తారు? కాంటొనీస్, హక్కా, హొక్కియెన్ అనే వేర్వేరు చైనా భాషలు మాట్లాడేవాళ్లను ఒకే వరుసలో నిలబెట్టి అడిగితే, దుబాసీ ఏం చెప్పాడో అధికారికే తెలియదు. పైగా అక్కడ హార్బర్ మాస్టరే వలసల అధికారి కూడా. ఓడ వేళకు కదలాలన్నదీ ఆయన పనే, ఆపాల్సిందీ ఆయనే.

పాతరికార్డు:
మరి 1859లో కాంటన్‌లో (ఇప్పటి గ్వాంగ్‌జౌ) బ్రిటిష్ వెస్టిండీస్‌కు కూలీలను చేర్చుకోవడానికి తెరిచిన వలస గృహాల సంగతి? చైనా అధికారుల ఆమోదంతో, బహిరంగంగా నడిచాయి. అక్కడా తనిఖీయే కదా, మకావు కన్నా మెరుగ్గా పనిచేసింది.

తీరవాసి:
అది నా వాదనకే బలం. అక్కడ మారింది అడిగిన ప్రశ్న కాదు, అడిగిన చోటు. ఇంకా గట్టి రుజువు కావాలంటే 1872 నాటి మరియా లూజ్. మకావులో తనిఖీ పూర్తయి, పెరూ కాగితాలతో బయల్దేరిన ఓడ. దారిలో జపాన్ రేవు యొకొహామాలో ఆగింది. ఒక కూలీ నీళ్లలో దూకి ఈదుకుంటూ బ్రిటిష్ యుద్ధనౌక చేరాడు. దాంతో జపాన్ అధికారి ఓయె తకు విచారణ జరిపాడు. దళారి లేని చోట, ఒడ్డు మీద, అదే ఒప్పందాల గురించి అడిగితే 230 మంది దాకా కూలీలు విడుదలై చైనాకే వెళ్లిపోయారు. మనుషులు వాళ్లే, కాగితాలు అవే.

ఓడలెక్క:
కూలీల వలసపై చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ కుదుర్చుకున్న 1866 పెకింగ్ ఒడంబడిక కూడా ఉంది. కూలీ ఒప్పందానికి 5 ఏళ్ల గడువు, ఆ తర్వాత తిరుగు ప్రయాణ ఖర్చు యజమానిదే అని రాశారు. బ్రిటన్, ఫ్రాన్స్ ఆ ఖర్చు దగ్గరే వెనకడుగు వేసి ఆమోదించలేదు. పాతరికార్డు గారూ, దీన్ని అమలు లోపం అంటారా?

పాతరికార్డు:
దాన్ని అనను. కానీ మకావు రేవులో లంచాల పాత్ర చిన్నదని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

తీరవాసి:
చిన్నదని నేనూ అనడం లేదు. లంచాలు పోయినా బందీ బందీగానే ఉండేవాడు అంటున్నాను. 1874 మార్చి ఆఖరుకు మకావులో ఆ వ్యాపారం ఆగింది పోర్చుగల్ నిషేధంతో. తనిఖీని బాగుచేసి ఎవరూ ఆపలేదు.