బళ్ళో ప్రాణాయామం, ధ్యానం అందరికీ తప్పనిసరి చెయ్యొచ్చా?

వెన్నెలవాళ్ళనాన్న:
మా అమ్మాయి ఏడో తరగతి. ఈ ఏడాది ప్రార్థన అయ్యాక పదిహేను నిమిషాలు ప్రాణాయామం, ధ్యానం పెట్టారు. నాకు యోగా మీద కోపం లేదు. పోయిన వారం కపాలభాతి, అంటే పొట్ట లోపలికి గుంజుతూ గబగబా ఊపిరి వదలడం, చేయించారట, మైకులో లెక్కపెడుతూ "ఇంకా జోరుగా, ఇంకా జోరుగా" అని. మా పిల్లకి ఉబ్బసం. కళ్ళు బైర్లు కమ్మి పక్కపిల్ల భుజం పట్టుకుని ఉండిపోయింది. "ఏకాగ్రత లేకపోతే అంతే" అన్నారట. తప్పనిసరి చెయ్యడం న్యాయమేనా?

కుంభకం:
ముందు ఒక సవరణ. కపాలభాతి ప్రాణాయామం కాదు. హఠయోగంలో ధౌతి, బస్తి, నేతి, త్రాటకం, నౌలితో పాటు షట్కర్మల్లో ఒకటి, శుద్ధిక్రియ. రెండూ కలిపేసి ప్రాణాయామాన్ని తిట్టడం సబబు కాదు.

వెన్నెలవాళ్ళనాన్న:
పేరు ఏదైతేనేం సార్, తిరిగింది మా పిల్ల తల.

ఊరకుండలేను:
మా చిన్నప్పుడు ఇవేమీ లేవు. బాగానే ఉన్నాం కదా?

నల్లబల్ల:
బాగున్నామో లేదో మన ఇంట్లోవాళ్ళని అడగాలి.

నేను పంతొమ్మిదేళ్ళుగా లెక్కల టీచర్ని. కపాలభాతి నేనూ చేయించను. నాలుగు అంకెలు లెక్కపెట్టి పీల్చడం, ఆరు అంకెలు లెక్కపెట్టి వదలడం, ఐదు నిమిషాలు, అంతే. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. ఇందులో మహిమ ఏమీ లేదు. నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. పరీక్షలో పెన్ను ఎంత నొక్కేవాడంటే కాగితం వెనక్కి తిప్పి తడిమితే అంకెలు వేలికి తగిలేవి, ఒక్కోచోట చిల్లే పడేది. భ్రామరి నేర్పాక, చెవులు మూసుకుని రెండుసార్లు తుమ్మెదలా రొదపెట్టి అప్పుడు పేపరు తీసేవాడు. మార్కులు పెద్దగా పెరగలేదు గానీ చిల్లులు మాత్రం ఆగాయి. ఎక్కడో ఒక మైకు మాస్టారు అతి చేశారని మొత్తం తీసేయమంటే ఎలా?

తెల్లకోటు:
ఒక్క మాట చెప్పి వెళ్తాను. గబగబా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడుకి వెళ్ళే రక్తనాళాలు ముడుచుకుంటాయి. తల తిరగడం, వేళ్ళు తిమ్మిరెక్కడం అందుకే. మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే ఈఈజీ తీసేటప్పుడు మేము పిల్లల చేత కావాలనే కొన్ని నిమిషాలు అలా పీల్పిస్తాం, మూర్ఛ లక్షణాలు ఉంటే బయటపడతాయని. అలాంటిది రెండొందల మంది చేత మైకులోనా? ఉబ్బసం, మూర్ఛ ఉన్న పిల్లల్ని ముందే విడిగా కూర్చోబెట్టాలి.

కుంభకం:
డాక్టర్‌గారు చెప్పింది భస్త్రికకీ, అంటే కొలిమితిత్తిలా జోరుగా పీల్చి వదలడానికీ, వర్తిస్తుంది. అది మాత్రం ప్రాణాయామమే.

పీఈటీ_పిరియడ్:
పదిహేను నిమిషాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎవరూ అడగరేం? నా పిరియడ్‌లోంచి. సిలబస్ వెనకబడితే నాది, రిహార్సల్ ఉంటే నాది, ఇప్పుడు ప్రశాంతతకీ నాదే.

వెన్నెలవాళ్ళనాన్న:
బ్రిటన్‌లో 80కి పైగా బళ్ళలో, 8 వేలకు పైగా పిల్లల మీద పెద్ద అధ్యయనం చేశారు, 2022లో ఫలితాలొచ్చాయి. బళ్ళో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీదే మనసు నిలిపే ధ్యాన సాధన) నేర్పినా, మామూలుగా చెప్పే పాఠాలకంటే పిల్లల మనసుకి ఒరిగిందేమీ కనబడలేదు. ఎక్కువమంది ఇంటి దగ్గర సాధనే చెయ్యలేదు.

నల్లబల్ల:
అది మైండ్‌ఫుల్‌నెస్, నేను మాట్లాడేది ఊపిరి గురించి. అయినా ఇంటి దగ్గర ఎక్కాలు కూడా చదవరు, ఎక్కాలు ఆపేద్దామా?

కుంభకం:
యోగానికి చెప్పిన ఎనిమిది మెట్లలో, అంటే అష్టాంగాల్లో, ప్రాణాయామం నాలుగోది, ధ్యానం ఏడోది. మొదటి రెండు మెట్లైన యమనియమాలు, అంటే నడవడి నియమాలు, లేకుండా నేరుగా ఏడో మెట్టా?

ఊరకుండలేను:
2017లో సుప్రీంకోర్టు ఒకటి నుంచి ఎనిమిది దాకా యోగా తప్పనిసరి చెయ్యాలన్న పిటిషన్ కొట్టేసింది. కథ ముగిసింది.

నల్లబల్ల:
బళ్ళో ఏం నేర్పాలో తేల్చడం మా పని కాదంది, నేర్పొద్దని అనలేదు. వెన్నెలవాళ్ళ నాన్నగారూ, ఒకటి అడుగుతాను. పిల్లకి ఉబ్బసం అని బడికి రాసిచ్చారా?

వెన్నెలవాళ్ళనాన్న:
జూన్‌లోనే రాసిచ్చాను, డాక్టర్ చీటీ జతచేసి మరీ. ఆ కాగితం ఏ బీరువాలో ఉందో. తప్పు చివరికి తల్లిదండ్రుల మీదకే తోసేస్తారని తెలుసు టీచర్‌గారూ.

నల్లబల్ల:
తోసెయ్యడం లేదండీ. నా క్లాసులో యాభై ఎనిమిది మంది. వరసగా నాలుగు పిరియడ్లు అరిచాక నా గొంతు నాకే వినబడదు. ఆ ఐదు నిమిషాలే గదిలో ఫ్యాన్ చప్పుడు వినబడేది. అదీ లాగేసుకుంటారా?

వెన్నెలవాళ్ళనాన్న:
ఇప్పుడు చెప్పారు అసలు మాట. అది పిల్లల కోసం కాదు, మీ కోసం.

నల్లబల్ల:
నా కోసం కూడా. అయితే తప్పేంటి?

వెన్నెలవాళ్ళనాన్న:
తప్పని అనను. నేను చదువుకున్నప్పుడు అల్లరి ఎక్కువైతే "కళ్ళు మూసుకుని చేతులు కట్టుకోండి" అనేవారు. ఎవడు కళ్ళు తెరుస్తాడా అని మాస్టారు వెనకనుంచి నడిచేవారు. చెప్పుల చప్పుడు దగ్గరికొస్తుంటే రెప్పలు వణికేవి. ఇప్పటికీ ఎవరైనా కళ్ళు మూసుకోమంటే మెడ బిగుసుకుంటుంది. మొన్న మా అమ్మాయిని అడిగాను, ఏది కష్టంగా ఉందని. భ్రామరి ఇష్టమేనట. "మధ్యలో ఆపకూడదు నాన్నా, అదే భయం" అంది. మీ క్లాసులో ఒక పిల్ల కళ్ళు తెరిచి ఊరికే కూర్చుంటే ఏమంటారు?

నల్లబల్ల:
కూర్చుంటే ఏమీ అనను. లేవనిస్తే మాత్రం సగం మంది లేస్తారు.

వెన్నెలవాళ్ళనాన్న:
లేస్తే?

పీఈటీ_పిరియడ్:
లేచినవాళ్ళని గ్రౌండుకి పంపండి. బంతులు నా దగ్గర ఉన్నాయి.