సీవీని తెలుగులో రాయాలంటే: "చేశాను" అనాలా, "చేయబడింది" అనాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అనువాదకుల ఉద్యోగం ఒకటి పడింది. సీవీ తెలుగులో కూడా పంపమన్నారు. పైన శీర్షికగా ఏం రాయాలో తేలక రెండు రోజులుగా అక్కడే ఆగిపోయాను. బయోడేటా, రెజ్యూమే, సీవీ మూడూ ఒకటేనా? మనకు సరిపోయే మాట ఏదైనా ఉందా? ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషు సీవీలో "నేను" కనిపించదు. తెలుగులో రాస్తుంటే ప్రతి వాక్యం "చేశాను, చేశాను" అని ముగుస్తోంది. గొప్పలు చెప్పుకుంటున్నట్టు అనిపించి టెన్షన్‌గా ఉంది. "చేయబడింది" అని మారిస్తే బాగుంటుందా? పెద్దలు చెప్పగలరు.

జవాబు:
మంచి ప్రశ్న వేశారమ్మా. ముందు పేర్ల సంగతి చూద్దాం.

సీవీ అంటే కరిక్యులమ్ విటే. లాటిన్ మాట. విటే అంటే "జీవితపు" అని. కరిక్యులమ్ పరుగెత్తడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. పరుగుపందెం జరిగే బాటను కూడా అలాగే అనేవారు. రెండూ కలిస్తే బతుకు సాగిన దారి. జర్మన్ భాషలో దీన్నే లెబెన్స్‌లౌఫ్ అంటారు. లెబెన్ జీవితం, లౌఫ్ పరుగు. మన "చరిత్ర" చూడండి, అది "చర్" ధాతువు నుంచి వచ్చింది. కదలడం, నడవడం అని దాని అర్థం. ఈ మాటలు పుట్టిన ధాతువులు వేరువేరు. అయినా ఇన్ని భాషలవాళ్ళూ జీవితాన్ని నడకగానే చూశారు. నాకు తలుచుకున్నప్పుడల్లా సంతోషం కలిగించే విషయం ఇది.

రెజ్యూమే ఫ్రెంచి మాట. కుదించి చెప్పినది అని అర్థం. ఫ్రెంచివాళ్ళు మాత్రం ఉద్యోగానికి పంపే కాగితాన్ని సీవీ అనే అంటారు. వాళ్ళకు రెజ్యూమే అంటే ఒక వ్యాసానికో పుస్తకానికో రాసే సారాంశం. అమెరికాలో ఈ రెంటికీ తేడా పాటిస్తారు. అడిగిన ఉద్యోగానికి తగ్గట్టు ఒకటి రెండు పేజీలకు కుదించింది రెజ్యూమే. చదువు, బోధన, పరిశోధన, ప్రచురణలు అన్నీ వరసగా చెప్పేది సీవీ, విశ్వవిద్యాలయాల్లో దాన్ని అడుగుతారు. బ్రిటన్‌లో రెండు పేజీలదైనా సీవీయే. అందుకని పేరును బట్టి పొడవు నిర్ణయించకండి, అడిగినవారు ఎక్కడివారో, ఏ రంగంవారో చూడండి. అన్నట్టు, "రెజ్యూమ్" అని పలికితే ఆగిన పని మళ్ళీ మొదలుపెట్టడం అవుతుంది. చివర ఏకారం వినిపించాలి.

బయోడేటా అంటే మనిషి వివరాలు: పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఇల్లు. పని గురించి అడిగినచోట అవి అక్కర్లేదు. ప్రత్యేకంగా అడిగితేనే రాయండి.

ఒక సభ్యురాలు:
"జీవిత వృత్తాంతం" అనొచ్చు కదండీ? నేనైతే నా దానికి "ఉద్యోగ ప్రస్థానం" అని పెట్టుకున్నాను.

జవాబు:
వృత్తాంతం అంటే జరిగినదంతా కథగా చెప్పడం. సీవీలో కథకు చోటు లేదు. ప్రస్థానం అంటే అసలు అర్థం బయలుదేరడం. ఇప్పుడు మొత్తం ప్రయాణాన్ని ప్రస్థానం అంటున్నారు, వాడుక మారింది కాబట్టి తప్పు అనను. కానీ ఇరవై ఏడేళ్ళ మనిషి రెండు ఉద్యోగాల మీద ఆ మాట పెడితే బరువు ఎక్కువవుతుంది. నా ఓటు "వృత్తి వివరాలు" అన్న మాటకు. నిజానికి శీర్షికే లేకపోయినా నష్టం లేదు. మీ పేరు పెద్దగా రాస్తే అదే శీర్షిక.

"దరఖాస్తు" అని మాత్రం పెట్టకండి. అది పారసీ నుంచి వచ్చిన మాట, అడగడం అని అర్థం. అడగడానికి వేరే ఉత్తరం జత చేస్తాం కదా. సీవీ పని అడగదు, చేసిన పనిని చూపిస్తుంది.

ఇక "చేయబడింది" సంగతి. దయచేసి అలా రాయకండి. "నాలుగు పాఠ్యపుస్తకాల అనువాదం పూర్తి చేయబడింది" అంటే ఎవరు చేశారు? చదివేవారికి కావలసింది అదొక్కటే, దాన్నే దాచేశారు. ఇంగ్లీషు క్రియలో, అందులోనూ జరిగిన పని చెప్పేటప్పుడు, మనిషి కనిపించడు. "నేను" తీసేస్తే కర్త పూర్తిగా మాయం. మన క్రియలో మనిషి చివర నిలబడి ఉంటాడు. "అనువదించాను" అన్నప్పుడు ఆ చివరి "ను" మీరే. కాబట్టి "నేను" రాయక్కర్లేదు, "ను" తీసేయక్కర్లేదు. అది గొప్ప చెప్పుకోవడం కాదమ్మా, ఆ పనికి జవాబుదారీ నేనే అని ఒప్పుకోవడం.

గొప్పలుగా వినిపించేవి క్రియలు కావు, వాటి ముందు చేరే అలంకారాలు. "అత్యంత సమర్థవంతంగా అనువదించాను" నుంచి మొదటి రెండు మాటలూ తీసేసి, వాటి చోట "ఎనిమిది నెలల్లో నాలుగు పాఠ్యపుస్తకాలు" అని పెట్టండి. ఇప్పుడు చదివి చూడండి.

పదిసార్లు వరసగా "చేశాను" వస్తే చెవికి విసుగే, ఒప్పుకుంటాను. రోజువారీ పనులను నామపదాలతో ముగించండి: "వార్తల అనువాదం", "కొత్తవారికి శిక్షణ", "పరిభాష జాబితా తయారీ". ఫలితం ఉన్నచోట, లెక్క చెప్పగలిగినచోట పూర్తి వాక్యం రాయండి. అప్పుడు ఆ "ను" మూడు నాలుగు చోట్లే వస్తుంది, వచ్చినచోట గట్టిగా వినిపిస్తుంది. "అనువదించుట", "అనుభవము కలదు", "పట్టా పొందియున్నాను" లాంటివి వద్దు. మీరు నోటితో ఎప్పుడూ అనని మాటలు మీ గురించి చెప్పే కాగితంలో ఎందుకు?

ఇంకొకరు:
మాస్టారూ, జట్టుగా చేసిన పనిని ఎలా చెప్పాలి? "మేము" అంటే సరిపోతుందా?

జవాబు:
"మేము" అంటే నిజాయితీగానే ఉంటుంది, కానీ మీ వాటా ఎంతో తెలియదు. "మనం" అయితే కుదరనే కుదరదు, చదివేవారిని కూడా జట్టులో కలిపేసినట్టు అవుతుంది. "ఆరుగురి జట్టులో తుది పరిష్కరణ నేను చూశాను" అనండి. సీవీలో "నేను" అన్న మాట నిజంగా అవసరమయ్యే చోటు ఇదే.

మరొక సభ్యురాలు:
నాకు మధ్యలో మూడేళ్ళు ఖాళీ ఉంది. సీవీ ఏ పద్ధతిలో రాస్తే మంచిది? ఇది భాషకు సంబంధించిన ప్రశ్న కాకపోతే క్షమించండి.

జవాబు:
ఇది భాషా ప్రశ్నేనమ్మా. మీ ప్రశ్నలోనే ఉంది, "ఖాళీ" అన్నారు. ఆ మాట మన దగ్గర రెండు వైపులా పదునుగా ఉంటుంది. సంస్థలో ఉంటే "ఖాళీలు కలవు" అని ప్రకటిస్తారు, మనిషిలో ఉంటే "ఖాళీగా తిరుగుతున్నాడు" అంటారు.

మా చెల్లెలు నాన్నగారి జబ్బు వల్ల నాలుగేళ్ళు ఉద్యోగం మానేసింది. ఆయన మందులు, ఆస్పత్రి, ఇంటి లెక్కలు అన్నీ తనే చూసింది. మళ్ళీ ఉద్యోగం వెతుక్కునేటప్పుడు సీవీలో "నాలుగు సంవత్సరాలు ఖాళీ" అని తన చేత్తోనే రాసుకుంది. ఒక సంస్థలో ఇంటర్వ్యూ చేసినాయన ఆ మాట మీద వేలు పెట్టి, "అయితే నాలుగేళ్ళు ఏం చేయలేదన్నమాట" అన్నారట. ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఆ ఒక్క మాట మార్చాం: "కుటుంబ బాధ్యతల వల్ల విరామం. ఈ కాలంలో అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తి చేశాను." రెండూ నిజాలే. ఖాళీ అంటే ఏమీ లేనిది. విరామానికి అటూ ఇటూ పని ఉంటుంది.

పద్ధతుల విషయానికొస్తే, ఎక్కువమంది వాడేది తిరుగు వరస: ఇప్పటి ఉద్యోగం పైన, పాతవి కిందకి. ఒకే రంగంలో మెట్టు మెట్టుగా ఎదిగినవారికి ఇది చక్కగా సరిపోతుంది, చదివేవారికి అలవాటు కూడా. రెండోది నైపుణ్యాల వారీ పద్ధతి. తేదీలను వెనక్కి నెట్టి "ఏమేం చేయగలను" అన్నది ముందు పెడుతుంది. లియొనార్డో డా విన్చీ 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు పని కోరుతూ రాసిన ఉత్తరం ముసాయిదా ఇలాంటిదే. తేలిగ్గా మోసుకుపోగల వంతెనలు, ఫిరంగులు, ముట్టడి యంత్రాలు అంటూ యుద్ధానికి పనికొచ్చే విద్యలన్నీ వరసగా చెప్పి, చిత్రలేఖనం ప్రస్తావన చివర్లో తెచ్చాడు. పాలకుడి అవసరం ఏమిటో ఆయనకు తెలుసు. ఎక్కడెక్కడ ఎన్నేళ్ళు పనిచేశాడన్న జాబితా అందులో లేదు.

కానీ ఇవాళ తేదీలు దాచిన సీవీని చూస్తే చాలామంది ఎంపికదారులకు అనుమానం వస్తుంది. అందుకే మీకు నేను చెప్పేది కలగలుపు పద్ధతి. పైన మూడు నాలుగు నైపుణ్యాలు, ఒక్కోదానికి ఒక రుజువు. కింద తేదీలతో తిరుగు వరస, అందులో విరామం ఒక్క వాక్యంలో. రంగం మారేవారికి కూడా ఇదే నయం.

ఆ సభ్యురాలే:
ఆ ఒక్క మాట దగ్గరే ఎన్నాళ్ళుగానో ఆగిపోయానండి. ఈరోజే మార్చేస్తాను.

ఇంకొకరు:
తెలుగు సీవీ పంపేవారు ఫాంట్ కూడా చూసుకోవాలి. అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేస్తే అవతలి కంప్యూటర్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి. అన్ని పరికరాలూ గుర్తించే యూనికోడ్‌లోనే టైప్ చేసి, పీడీఎఫ్ చేసి, దాన్ని ఇంకో ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. రెండు వరసల పట్టికలు, బొమ్మలు, నైపుణ్యాన్ని చుక్కల్లో చూపించే డిజైన్లు వద్దు. సీవీలను ముందు సాఫ్ట్‌వేర్ వడపోసేచోట అవి చిక్కు తెస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా రాశాను, చూడండి:
"వృత్తి వివరాలు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఐదేళ్ళ అనువాద అనుభవం. ఎనిమిది నెలల్లో నాలుగు పాఠ్యపుస్తకాలు అనువదించాను. ముగ్గురు కొత్తవారికి శిక్షణ ఇచ్చాను. విజ్ఞానశాస్త్ర పరిభాషలో నైపుణ్యత. పై వివరాలన్నీ నిజమని ధృవీకరిస్తున్నాను."

జవాబు:
చాలా బాగుంది. రెండే దిద్దుబాట్లు. నిపుణత అనండి, లేదా నైపుణ్యం అనండి. "నైపుణ్యత" అంటే ఒకే పనికి రెండు ప్రత్యయాలు తగిలించినట్టు. రెండోది, చివరి వాక్యంలో ధకారానికి వట్రసుడి పెట్టారు. మూలం "ధ్రువ" కాబట్టి "ధ్రువీకరిస్తున్నాను" అని రాయాలి. అసలు అడగకపోతే ఆ వాక్యమే తీసేయవచ్చు, దాని చోటులో ఆ నాలుగు పుస్తకాలు ఏ తరగతివో చెప్పండి. ఇక ఆలస్యం చేయకుండా ఈ రాత్రికే పంపేయండి.