పురుగుల మందు కేసు: ట్యూబు వేసి పంపాలా, పంపాక వేయాలా?

రాత్రి డ్యూటీ:
దేవరకొండ దగ్గర చిన్న ఆసుపత్రిలో పని చేస్తున్నాను. పత్తి పనుల కాలంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు తాగినవాళ్లు వస్తూనే ఉంటారు. నోటి నిండా నురగ, ఆవగింజంత కంటిపాపలు, మాస్కు పెట్టినా శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88 దాటదు. నల్గొండ పెద్దాసుపత్రికి గంటకు పైగా దారి. ఊపిరి అందించే ట్యూబు శ్వాసనాళంలోకి ఇక్కడే వేయాలా? అల్మరాలో ఉన్నవి మత్తుకు కెటమిన్, ట్యూబు వేసేందుకు కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్. గొంతు లోపలిని కెమెరాతో చూపే వీడియో లారింగోస్కోపు లేదు.

పాలమూరు మత్తు డాక్టరు:
దిండు మీది నుంచి తల ఎత్తలేని మనిషిని ట్యూబు లేకుండా అంబులెన్సు ఎక్కించకండి డాక్టరు గారూ. మల్లేపల్లి దాటాక ఊపిరి ఆగితే కదిలే బండిలో ఏం చేస్తారు?

అలాగని వెంటనే లారింగోస్కోపు అందుకోవద్దు. ముందు ఈ విషానికి విరుగుడైన అట్రోపిన్, ఛాతీలో గురగుర తగ్గేదాకా ఐదు నిమిషాలకోసారి రెట్టిస్తూ ఇవ్వండి. గుండె వేగం పెరిగిందని మధ్యలో ఆపేస్తారు కొందరు, అది నాకు ఒళ్లు మండే విషయం. మంచం తలవైపు ఎత్తి ఆక్సిజన్ పట్టించండి. సక్సినైల్‌కోలిన్ జోలికి పోకండి. దాన్ని విరిచే ఎంజైమునే ఈ విషం అణచేస్తుంది కాబట్టి నిమిషాల్లో తిరిగి పనిచేయాల్సిన కండరాలు గంటలపాటు చచ్చుబడే ఉంటాయి. దాని బదులు రోక్యురోనియం తెప్పించుకోండి, కిలోకు 1.2 మి.గ్రా.

బీపీ తక్కువుంటే కెటమిన్ సగానికి తగ్గించి, బీపీ పెంచే నార్అడ్రినలిన్ ముందే మొదలుపెట్టండి. విషమ స్థితిలో ట్యూబు వేయించుకున్నవాళ్ల మీద 2021లో వచ్చిన ఇన్‌ట్యూబ్ అధ్యయనంలో 29 దేశాల రోగులను చూస్తే, నూటికి 43 మందికి దెబ్బ తగిలింది రక్తప్రసరణ దగ్గరే.

ఐసీయూ సిస్టరు:
సార్, మందు పడ్డ చొక్కా ముందే తీయించండి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. నురగ లాగేసే సక్షన్ ఆన్ చేసి గొట్టం దిండు కింద పెట్టుకుంటాం మేము. కరెంటు పోతే కాలితో తొక్కే సక్షన్ పక్కనే ఉండాలి.

రాత్రి డ్యూటీ:
వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపి, ట్యూబు సరైన చోట ఉందో లేదో చెప్పే కాప్నోగ్రాఫ్ లేదు. స్టెతస్కోపుతో విని పంపితే చాలదా?

పాలమూరు మత్తు డాక్టరు:
చాలదు. నురగ నిండిన ఛాతీలో ట్యూబు ఎక్కడున్నా గురగురే వినిపిస్తుంది. బ్రిటన్‌లో 2011లో వచ్చిన నాప్-4 నివేదిక చూడండి: ఐసీయూలో శ్వాసమార్గం చిక్కులతో ప్రాణమో మెదడో పోయిన కేసుల్లో నాలుగింట మూడింటికి కాప్నోగ్రఫీ వాడకపోవడమూ ఒక కారణం. వీడియో లారింగోస్కోపు కంటే ముందు దీనికి ఇండెంట్ పెట్టండి, ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ, బూజీ కూడా రాయండి. రెండు ప్రయత్నాల్లో ట్యూబు పడకపోతే శ్వాసనాళం పైన కూర్చునే లారింజియల్ మాస్కు వేసి సీనియర్‌ను పిలవండి. పడితే పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్లుందో రెఫరల్ చీటీలో రాసి పంపండి. చాలామంది అది రాయరు, దింపుకునేవాళ్లం ఇక్కడ తల పట్టుకుంటాం.